ముప్పై నాలుగో లాగిన్

"అమ్మా, నా లాగిన్ పనిచెయ్యడం లేదు."

ఇంజనీరు తలెత్తి చూసింది. బల్లకి అవతల నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. మెడలో దర్జీ టేపు వేలాడుతోంది. హడావిడిలో తీయడం మరిచిపోయినట్టున్నాడు.

అది ఆరోగ్య శాఖ కార్యాలయం. శాఖ వెబ్‌సైటు బాధ్యత ఆమెది. సైటులో పేజీలు రాయడానికి, దిద్దడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి అప్పటికి రెండు రోజులైంది.

మూడు వారాలు నానా తంటాలు పడింది. ముందు నకలు మీద ప్రయత్నిస్తే అక్షరాలు డబ్బాలయ్యాయి, ఫొటోలు మాయమయ్యాయి. ఒక్కొక్కటే చక్కబెట్టుకుంటూ వచ్చింది. శనివారం సాయంత్రం సైటు ఆపి, ఆదివారం మధ్యాహ్నానికి కొత్తది నిలబెట్టింది. నాలుగు వందల పన్నెండు పేజీల్లో ఒక్కటి కూడా పోలేదు.

"మీరే విభాగం?" అని అడిగింది.

"నాది బట్టలు కుట్టే పనమ్మా. మార్కెట్ వెనక సందులో కొట్టు."

"మరి మా సైటులో మీకు లాగిన్ ఎందుకుంది?"

"పాముకాటు మందు పేజీ నేనే రాస్తుంటాను."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పాత వెర్షన్‌లో ముప్పై నాలుగు లాగిన్‌లు. ముప్పై మూడింటికి ఉద్యోగి నంబర్లున్నాయి. ఆఖరిదానికి లేదు. ఎవరిదని అడిగితే నాకు తెలియదంటే నాకు తెలియదన్నారు అందరూ. తీసిపారేసింది.

"బయటివాళ్లకి ఇవ్వకూడదండి. నిబంధన."

"నాకే ఇవ్వమని కాదమ్మా. ఎవరు రాసినా ఫర్వాలేదు. మొత్తం పదకొండు ఆస్పత్రులు. పొద్దున్నే ఫోన్ చేసి మందు ఉందా లేదా కనుక్కుని పేజీలో వెయ్యాలి. గంట పని."

"ఆస్పత్రులు నెలకోసారి వివరాలు పంపుతాయి. అవి వేస్తాం."

"నిన్న ఉన్న మందు ఇవాళ ఉండదమ్మా."

"మీ పేజీ ఎక్కడికీ పోలేదు. చూడండి." తెర ఆయన వైపు తిప్పింది.

పేజీ అలాగే ఉంది. అడుగున ఆ రోజు తేదీ పచ్చటి అక్షరాల్లో మెరుస్తోంది. ఏ రోజుకారోజు ప్రతి పేజీ కిందా తేదీ దానంతటదే పడే సదుపాయం కొత్త వెర్షన్‌లో ఉంది. ముచ్చటేసి ఆమే పెట్టింది.

ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"ఇది శనివారం నేను రాసిందమ్మా. దాని మీద మంగళవారం తేదీ వేశారు."

"అది సాఫ్ట్‌వేర్ వేస్తుంది లెండి."

"అయితే ఆ తేదీ అన్నా తీసెయ్యండి."

"అర్జీ రాసివ్వండి. పైకి పంపిస్తాను."

నిలబడే రాసిచ్చాడు. ఆయన మెట్లు దిగాక పక్క సీటు గుమాస్తా అన్నాడు, "మీ కొలతలు తీసుకోవడానికి వచ్చాడేమో అనుకున్నాను మేడమ్."

ఆమెకీ నవ్వొచ్చింది. అర్జీ సొరుగులో పడింది.

గురువారం మళ్లీ వచ్చాడు. శుక్రవారం కూడా. "ఈసారి వస్తే లోపలికి రానివ్వకు," అని వాచ్‌మన్‌కి చెప్పింది.

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. పదకొండు ఆస్పత్రుల పేర్లూ కాగితం మీద రాసి, ఎక్కడ మందు ఉందో ఎక్కడ లేదో రోజూ గోడకి అంటించేవాడు. వాచ్‌మన్ రోజూ చింపేవాడు.

అలా పది రోజులు గడిచాక, ఒక సోమవారం పొద్దున, చేలో కలుపు తీస్తున్న ఒక ఆవిడని పాము కరిచింది. ఆమెకి ఇరవై ఆరేళ్లు. తమ్ముడు ఫోన్‌లో ఆ పేజీ తీసి, కింద తేదీ కూడా చూసుకున్నాడు. అది ఆ రోజుదే. మందు ఉందన్న ఆస్పత్రికి నలభై నిమిషాలు బండి తోలుకుపోయాడు.

అక్కడ మందు అయిపోయి నాలుగు రోజులైంది. వాళ్లింటికి దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో మందు ఉంది. పేజీలో మాత్రం లేదని ఉంది.

తిరిగి వస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

విచారణకి ఒక పెద్దాఫీసరు వచ్చాడు. కాగితాలన్నీ తిరగేశాడు. "అంతా నిబంధనల ప్రకారమే చేశావమ్మా. నీ తప్పేం లేదు," అన్నాడు. వెర్షన్ మార్పు విజయవంతమైందని నివేదికలో రాసుకుని వెళ్లాడు.

ఆ మాట విన్నాక ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు పాత వెర్షన్ నకలు తెరిచి ఆ పేజీ చరిత్ర చూసింది. ఆరేళ్లుగా ముప్పై నాలుగో లాగిన్ ఒక్క రోజు కూడా తప్పలేదు. పండగైనా, సెలవైనా, వానైనా, పొద్దున ఆరుకీ ఏడుకీ మధ్య పదకొండు వరసలూ సరిచేసి ఉన్నాయి.

కొత్త లాగిన్ కాగితం మీద రాసుకుని మార్కెట్ వెనక సందుకి వెళ్లింది. కొట్టుకి తాళం.

"ఆ పిల్ల పోయిన రోజు వాళ్లింటికి వెళ్లొచ్చాడు," అన్నాడు పక్కన చెప్పులు కుట్టే అతను. "వచ్చి, కుట్టాల్సిన బట్టలన్నీ ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేసి, ఎటో వెళ్లిపోయాడమ్మా. చెప్పలేదు."

ఆ సందులోనే నిలబడి, తనకన్నా ముందు సైటు చూసి రిటైరైన పెద్దాయనకి ఫోన్ చేసింది.

"ఆ దర్జీకి లాగిన్ మీరే ఇచ్చారా సార్?"

"నేనే ఇచ్చాను. ఆరేళ్ల కిందట నా బల్ల ముందుకొచ్చి నిలబడితే, కొట్టడానికొచ్చాడనుకున్నాను. 'ఈ పేజీ సరిగ్గా ఉంచడం ఎవరి పని సార్' అన్నాడు. ఎవరి పనీ కాదని ఒప్పుకున్నాను. 'అయితే నాకివ్వండి' అన్నాడు."

"మిమ్మల్ని కొట్టడమెందుకు సార్?"



"మందు ఉందని మన పేజీలో చూసుకుని, కూతుర్ని భుజాన వేసుకుని ఆయన పరిగెత్తిన ఆస్పత్రిలో, ఆ రోజు మందు లేదమ్మా."