మూడో వార్డులో బీరువా

"మళ్లీ బీరువాలోనే ఉన్నావా?" అంది భార్య, తడి చేతులు తువాలుకి తుడుచుకుంటూ.

అతను తలూపాడు.

టీవీ తెరంతా చీకటి. మధ్యలో నిలువుగా ఒక సన్నటి వెలుతురు గీత. అది బీరువా తలుపు సందు. లోపల గేమ్‌లోని నర్సు నక్కి ఉంది. బయట, పాడుబడ్డ ఆస్పత్రి మూడో వార్డులో, ఈలదయ్యం నిలబడి ఊపిరి పీలుస్తోంది. లోపలికి గరగరమంటూ ఒక శ్వాస. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత బయటికి, చివర్న సన్నటి ఈలతో. ఆడేవాళ్లు దానికా పేరు పెట్టింది అందుకే.

నర్సు బీరువాలోంచి బయటికొస్తేనే కథ ముందుకు సాగుతుంది. అతను రానివ్వడు. తను పనిచేసే చెవి మిషన్ల దుకాణం నుంచి సాయంత్రం ఇంటికి రాగానే సోఫాలో కూలబడి, నర్సుని బీరువాలోకి పంపి, కంట్రోలర్ పక్కన పెట్టేస్తాడు. ముఖంలో భయం ఉండదు, సరదా ఉండదు. బస్సు కోసం కూర్చున్న మనిషిలా ఉంటాడు.

"చివరికి అది చస్తుందని ఊరందరికీ తెలుసు. ఇంకా ఏం చూస్తావు?" అంది భార్య.

ఆ మాట నిజమే. ఇది రెండో గేమ్. కానీ ఇందులో కథ మొదటిదానికంటే ముందు జరిగింది. మొదటి గేమ్ మొదలయ్యేసరికే ఈలదయ్యం గోడ పక్కన ఎముకల పోగు.

"ఇందులో ఇంకా చావలేదుగా," అన్నాడు.

ఆ గేమ్‌కి శబ్దాలు చేసింది అతనే. పెళ్లికి చాలా ముందు సంగతి. చేసిన పని మీద మమకారం కాబోలని ఇన్నాళ్లూ ఆమె సరిపెట్టుకుంది. పాట కట్టినవాడు తన పాట వింటాడు, బాగానే ఉంది. దయ్యాన్ని చేసినవాడు దాన్ని రోజూ ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుంటే ఎలా?

ఒక ఆదివారం గేముల పత్రిక నుంచి విలేఖరి ఫోను చేసింది. గేమ్ వచ్చి పదేళ్లయిందట. నాటి జ్ఞాపకాలతో వ్యాసం రాస్తోందట.

"కాలేజీలో ఉండగా ఆడాను సార్. ఆ ఊపిరి విన్నాక చాలా రోజులు లైటు వేసుకునే పడుకున్నా. ఎలా చేశారది? ఎలుగుబంటిది అంటారు కొందరు. పగిలిన పైపులో గాలి ఊదారంటారు."

"అవేం కాదండీ. ఆ నెల నేను ఆఫీసుకి సరిగ్గా వెళ్లలేదు. గడువు మీదకొచ్చేసింది. చేతిలో ఉన్న రికార్డింగు పంపించేశాను."

"ఒరిజినల్ ఉందా?"

"లేదు. రికార్డరు ఆఫీసుది. తుడిచేసి ఇంకొకరికిచ్చారు."

"చివర్లో నర్సు దాన్ని చంపే సీను చూస్తే మీకేమనిపించింది?"

"అంతదాకా నేను ఆడలేదు."

ఆమె జోకనుకుని నవ్వింది. తర్వాత మంచి కబురు చెబుతున్నట్టు చెప్పింది. కంపెనీ ఆ గేమ్‌కి కొత్త మెరుగులు దిద్దుతోంది. బొమ్మలు మారతాయి, శబ్దాలు మారతాయి. ఊపిరి కూడా. పాత గేమ్ ఉన్నవాళ్లకి వచ్చే వారం నెట్‌లోంచి దానంతటదే మారిపోతుంది.

"మంచిదండీ," అని ఫోను పెట్టేశాడు.

లేచి వెళ్లి, గోడకున్న నెట్ వైరు పీకి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పక్కగదిలోంచి భార్య వచ్చింది. ఆమె నెట్‌లో లెక్కలు చెబుతుంది.

"క్లాసు మధ్యలో తెగిపోయింది. వైరేదీ?"

"నా దగ్గరుంది."

"ఇవ్వు మరి."

"ఇవ్వను. గేమ్ మారిపోతుంది."

"గేమ్ డబ్బా ఒక్కదానికి ఆపేసుకోవచ్చుగా. ఇల్లంతటికీ ఎందుకు?"

"నాకు నమ్మకం లేదు."

గొంతులో కోపం లేదు. అసలేమీ లేదు. ఆమెకి భయం వేసింది అందుకే. మెట్ల మీదకి వెళ్లి ఆడపడుచుకి ఫోను చేసింది.

"ఒక్కసారి వచ్చి వెళ్లు, నీకు పుణ్యముంటుంది. మీ అన్నయ్యకి కోపం రాదు, నవ్వు రాదు. నేను చూస్తుండగా ఒక్కసారీ ఏడవలేదు. ఆ దయ్యం ముందు కూర్చుంటాడంతే. నా మాట ఎలాగూ వినడు. నువ్వు గట్టిగా చెప్పు."

"చెబుతా వదినా. నువ్వు కంగారుపడకు."

చెల్లెలు సరుకుల ఓడల మీద వంట చేస్తుంది. ఎక్కిందంటే నెలల తరబడి నేల మొహం చూడదు. పిరికిది. దయ్యాల సినిమా పోస్టరు కనిపించినా తల తిప్పుకుంటుంది. అన్నయ్య చేసిన గేమ్ పేరు తెలుసు గానీ ఎన్నడూ చూడలేదు. ఓడ రేవులో ఆగగానే బయల్దేరింది. ఏమని తిట్టాలో దారిపొడుగునా కూడబలుక్కుంటూనే వచ్చింది.

వదిన తలుపు తీసి గుసగుసగా అంది. "నీ కళ్లతో నువ్వే చూడు."

చెల్లెలు ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పబోతూ ఆగిపోయింది.

గదిలో చీకటి తెర, సన్నటి గీత, ఆ ఊపిరి.

"ఆపెయ్యమని చెప్పు," అంది వదిన.

ఆమెకి వినపడినట్టు లేదు. ఒక కాలికి చెప్పుతోనే లోపలికి నడిచింది. భుజాన బ్యాగు దించకుండా టీవీకి దగ్గరగా నేలమీద కూర్చుంది. మరో శ్వాస వచ్చేదాకా తను ఊపిరి బిగబట్టింది. వచ్చాక వదిలింది.

అతను మొదటిసారి తెర మీంచి చూపు తిప్పి చెల్లెలి వంక చూశాడు.

"అన్నయ్యా," అంది ఆమె, "నేను రాలేకపోయిన ఆ ఆఖరి రోజుల్లో అమ్మకి ఆయాసం ఇంతలా ఉండేదా?"