తాడుకు కట్టిన బంతి

"తాడుకు కట్టిన బంతిని నిలువుగ తిప్పుతున్నమనుకో. పైకొచ్చినప్పుడు తాడు సడలకుండ ఉండాలంటే కనీస వేగమెంత?" నాచారంలో తమ డాబా మీద కూర్చుని సిరి మూడోసారి ఓపిగ్గా చెప్పింది. స్నేహితురాలు అమృత అర్థంకానట్టు చూసింది.

ఇంతలో అమృత పుస్తకంలోంచి ఓ కాగితం జారితే సిరి తీసి చూసింది. ఉప్పల్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నెల కిందట రాసిన పరీక్ష. అదే లెక్క, అమృత చేతిరాతతో. పూర్తి మార్కులు.

"కోచింగ్‌కు పోకుండ ఇద్దరం గూడి సదువుదామంటివి గదనే?"

"మా నాయన జేర్పిచ్చిండు. నువ్వు బాధపడతవని జెప్పలే."

"పోతే పోయినవ్. వచ్చిన లెక్కనే రోజూ నాతోని ఎందుకు జెప్పిచ్చుకున్నవ్?"

"జెప్తుంటే మస్తు ఖుషీగుంటవ్ గద... అందుకే."

సిరికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇన్నాళ్ళూ తను పాఠం చెబుతున్నానని మురిసిపోయింది. అమృత మాత్రం జాలిపడి వింటూ వచ్చింది.

"రేపట్నుంచి రాకు," అంది. అమృత మెట్లు దిగేదాకా ఏడుపు ఆపుకుంది.