తాళం ఏసి రా

రాజనర్సు కారు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూశాడు. డ్రైవర్ సీటు మీద తాళంచెవి తీరిగ్గా పడి ఉంది. నాలుగు తలుపులూ లాక్ అయి ఉన్నాయి.

వెనక సీట్లో కూతురి పట్టుచీర, నగల సంచి. సూరత్ శివారు కడోదరాలో, సంబంధం తెచ్చిన లక్ష్మీరాజం ఇంట్లో పిల్లవాడి తరఫువాళ్లు లాస్యను చూడటానికి కూర్చుని ఉన్నారు. జగిత్యాల నుంచి పనిగట్టుకుని వచ్చినవాళ్లు మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్లిపోతారు. ఇంత మంచి సంబంధం మళ్లీ దొరకదని రాజనర్సు కొన్నాళ్లుగా ఇంట్లో ఒకటే పాట పాడుతున్నాడు.

ఉత్త చేతులతో పోకూడదని దారిలో మిఠాయి దుకాణం దగ్గర ఆపడమే పొరపాటైంది. భార్య ప్రమీలతో ముందు దిగుతూ, తాళంచెవి కూతురి చేతిలో పెట్టి “తాళం ఏసి రా బిడ్డా” అన్నాడు. అంతే.

“గదేం పనే? తాళం లోపట్నే ఇడిసి తలుపు గుద్దితివి?”

“మీరే బోలా నా పప్పా?” లాస్య బిక్కమొహం వేసింది. “తాళం ఏసి రా అని. ఏసాను. సీట్ పే.”

రాజనర్సుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి కొట్టుకున్నాడు. ఇంట్లో తాళంచెవినీ తాళమే అంటారు. చాయ్‌లో చక్కెర ఏయ్, సంచిలో ఉల్లిగడ్డలు ఏయ్ అంటారు. సూరత్‌లో పుట్టి హిందీ గుజరాతీల మధ్య పెరిగిన పిల్ల, తాళాన్ని కూడా అలాగే సీటు మీద ‘ఏసింది’! పాత కారాయె. మీట నొక్కి తలుపు మూస్తే చాలు, తాళంచెవితో పని లేకుండానే లాక్ పడుతుంది.

“కొత్త కారు కొనుమంటే కొనవైతివి. అవైతే తాళం లోపలుంటే లాకే పడవట” అందుకుంది ప్రమీల.

“నువ్వు జర నోరు మూసుకో! పొల్లకు తెలుగు నేర్పుమంటే నేర్పినవా?”

ఆటోలో పోదామంటే నగలు రోడ్డు మీద ఎలా వదులుతాడు? పెళ్లిచూపులకు పిల్లను జీన్స్ ప్యాంటుతో ఎలా కూర్చోబెడతాడు? దుకాణం వాడు స్టీలు స్కేలు ఇచ్చాడు. ఎవరో ఇనుప తీగ తెచ్చారు. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక సలహా పారేశారు. తలుపు మాత్రం కదల్లేదు. ఒళ్లు మండిపోయి రాజనర్సు అద్దం పగలగొట్టడానికి రాయి ఎత్తాడు.

లాస్య ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “మత్ కరో పప్పా, హాథ్ కట్ జాయేగా. చావీవాలాకు నేను ఫోన్ చేస్తా.”

చెయ్యి తెగుతుందని అడ్డుపడిన కూతురి ప్రేమకు అతని కళ్లు చెమర్చాయి. రాయి కింద పడేశాడు.

తాళాలు తీసే ఆ చావీవాలా ఎంతకీ రాడు. లాస్య పక్కకు వెళ్లి మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. “వస్తున్నాడంట పప్పా. ట్రాఫిక్.” ఎండ మాడు పగలగొడుతోంది. లక్ష్మీరాజం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. చివరికి అతనికీ ఓపిక పోయింది.

“ఇంకెంతసేపు కూసుంటరే ఆళ్లు? రైలు టైమైందని లేసి ఎల్లిపోయిన్రు. నా ఇజ్జత్ తీసినవ్ రాజనర్సూ!”

ఫోన్ పెట్టేసిన కాసేపటికి చావీవాలా స్కూటర్ వచ్చి ఆగింది. అద్దం సందులో సన్నటి రేకు దూర్చి, చిటికెలో తలుపు తీసి, వచ్చిన దారినే పోయాడు.

రాజనర్సుకు ఏడుపొచ్చినంత పనైంది. బిడ్డను నాలుగు తిట్టాలనుకున్నాడు కానీ నోరు రాలేదు. భాష రాకపోవడం దాని తప్పా? పొట్ట చేతబట్టుకుని ఇంత దూరం వచ్చిన తన తప్పు. ఎండకు వాడిపోయి ఉంటుందని దుకాణంలో నీళ్ల సీసా కొన్నాడు.

సీసా ఇద్దామని కారు వెనక్కి వెళ్లిన రాజనర్సుకు, అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్న లాస్య గొంతు అచ్చమైన జగిత్యాల తెలుగులో వినిపించింది: “ఆళ్లు ఎల్లిపోయిన్రు, ఇగ నువ్వు రంది వెట్టుకోకు... మా నాయినకు అనుమానం సుత రాలే, పాపం నాకు తెలుగు రాదని నెత్తి కొట్టుకుంటుండు.”