ఎండుచేపల అవ్వకు చెప్పిన నవల

ఎండుచేపల బుట్ట ధబ్బున బల్ల మీద పడింది.

రోవెనా రాసుకుంటున్న నోటుబుక్కు నిండా ఉప్పు రాలింది.

"ఏంటవ్వా ఇది! అద్దె నవలల కొట్టిది, చేపలంగడి కాదు."

ముసలామె ఉలకలేదు, పలకలేదు. బల్ల మీద చోటు చేసుకుని కూర్చుంది. ఎదురుదీవి నుంచి శనివారం సంతకొచ్చే మనిషి. సరుకమ్ముకున్నాక, రెండు గంటల పడవ వచ్చేదాకా కాస్త నీడ కావాలి.

"నవలేమన్నా తీసుకుంటావా?"

"ఏం గీకుతున్నావే పిల్లా?"

"ప్రేమ నవల."

"చెప్పు చెప్పు. పడవకింకా బోలెడు పొద్దుంది."

రోవెనాకు ఒళ్ళు మండింది. ఇప్పటికే మూడు నవలలు మనీలాలోని ప్రచురణకర్తల దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. మూడోదాని వెంట ఒక చీటీ కూడా వచ్చింది: 'మీ మనుషుల్లో ప్రాణం లేదు.' నాలుగోదీ తిరిగొస్తే మనీలాలో ఎవరింట్లోనో అంట్లు తోమే పనికి పంపేస్తానని, కొట్టు నడిపే పిన్ని తేల్చి చెప్పేసింది.

అయినా అడిగేవాళ్ళు ఒకరు దొరికారు కదా. చదవడం మొదలుపెట్టింది.

"ఆ పుస్తకం దించు. మొహానికడ్డం."

"చూడకుండా ఎట్లా చెప్పేది?"

"దించమంటున్నానా!"

దించింది. తడబడుతూ చెప్పింది.

హీరో చెయ్యి పట్టుకుని గుక్కతిప్పుకోకుండా ప్రేమ మాటలు చెప్పే చోట అవ్వ ఆవులించింది.

తుఫానులో వాడు చచ్చిపోయే చోట రోవెనా గొంతు వణికించింది, కళ్ళొత్తుకుంది. అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది.

"చచ్చిపోయాడవ్వా! నవ్వుతావేంటి?"

"బాగుంది, బాగుంది. మళ్ళీ వారం వస్తా."

చేతిలో రెండు ఎండుచేపలు పెట్టి పడవెక్కింది.

"దానికి మతి పోయింది," అంది పిన్ని లోపల్నుంచి. "దానికి కథ చెప్పినందుకు నీకూ పోయింది."

వారమంతా ఆ నవ్వే చెవుల్లో మోగింది. ఎందుకు నవ్వినట్టు? ఆలోచించగా ఆలోచించగా, ఆ చావు తనది కాదని తట్టింది. కొట్టులో తాడుకు వేలాడే పాత నవలల్లోంచి ఎత్తుకొచ్చిన చావది.

కొట్టేసింది.

మళ్ళీ శనివారం కొత్త ఘట్టం చెప్పింది. హీరో ఇంటికొస్తాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికెళ్తాడు. వాడు పడవెక్కి పోకూడదని హీరోయిన్ ఒక చెప్పు దాచేస్తుంది.

చెబుతూ చెబుతూ రోవెనా లేచి, తన చెప్పే ఒకటి పావడా మడతలో దాచి చూపించింది. ఇదైనా నవ్విస్తుందనుకుంది.

అవ్వ కళ్ళు తుడుచుకుంటోంది.

"నవ్వాల్సిన చోట ఏడుస్తావేంటవ్వా?"

"ఊఁ. తర్వాత?"

రోవెనా బిక్కచచ్చిపోయింది. పదహారో యేట తాను చేసిన పనే అది. ఒంటి చెప్పుతోనే పడవెక్కి వెళ్ళిపోయినవాడి సంగతి ఎవ్వరికీ చెప్పలేదు. ఈ ముసల్దానికెట్లా తెలిసింది?

అర్థం కాలేదు. కానీ ఆనాటి నుంచి అవ్వ ఆవులించిన చోటల్లా కొట్టేసింది. కళ్ళు తుడుచుకున్న చోటల్లా ఇంకాస్త రాసింది. పోనుపోను మనీలా సంగతే మర్చిపోయింది. శనివారం వస్తే చాలు, బల్ల తుడిచి కూర్చునేది. చెబుతుంటే తనకే నవ్వొచ్చేది, తనకే ఏడుపొచ్చేది.

పూర్తిచేసి పంపిన నాలుగోది తిరిగి రాలేదు. ఉత్తరం వచ్చింది.

"అవ్వా! తీసుకున్నారు! అచ్చేస్తారంట!"

"గెంతు, గెంతు!" అంటూ అవ్వ చప్పట్లు కొట్టింది.

"మొదటి పేజీలో నీ పేరేస్తా. నీ పేరేంటవ్వా?"

అవ్వ రెండు ఎండుచేపలు తీసి చేతిలో పెట్టింది.

నవల వచ్చేసరికి వానాకాలం దాటింది. అవ్వ మాత్రం రాలేదు. ఒక శనివారం, రెండు, మూడు. నాలుగో శనివారం అదే బుట్ట నెత్తిన పెట్టుకుని వేరొకామె పడవ దిగింది.

"అవ్వేది?"

"మా అత్త పోయి మూడు వారాలు దాటిందమ్మా."

రోవెనా నవల తెరిచి మొదటి పేజీ చూపించింది.

'నా కథ విన్న ఎండుచేపల అవ్వకు.'

కోడలు కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. రోవెనాను ఎగాదిగా చూసింది.

"మా అత్తేనా? ఇంకెవరో అయ్యుంటారు, చూసుకో తల్లీ."

"ఆమే. ప్రతి శనివారం ఈ బల్ల మీదే కూర్చునేది."

కోడలు బుట్ట కిందికి దించింది.

"అయితే నువ్వేనన్నమాట, 'రేవులో ఒక పిల్లుందే, దాని మొహం చూస్తూ కూర్చుంటే పొద్దే తెలీదు' అనేది... చేపలు పట్టే మందుగుండు పడవలోనే పేలి, మా అత్తకి రెండు చెవులూ పోయి పదకొండేళ్ళయింది తల్లీ."