పసుపు రాసిన తూటాలు

“నొక్కాను కదా, పేలలేదేం?” అంటూ లక్ష్మీపతి తుపాకీ గొట్టంలోకి తొంగి చూడబోయాడు.

“అంకుల్, నో! ఫేస్ అక్కడ పెట్టొద్దు! నేలవైపు పట్టుకోండి, ప్లీజ్!” హర్షిత్ అరిచినంత పని చేశాడు.

లక్ష్మీపతి ఉలిక్కిపడి తుపాకీని కార్పెట్ వైపు దించాడు. అమెరికాలోని నోవై ఊళ్ళో పాతికేళ్ళుగా కార్ల బ్రేకులు డిజైన్ చేస్తున్నాడు. మిక్సీ కొన్నా మాన్యువల్ చివరిదాకా చదివే మనిషి. వీధిలో రెండిళ్ళలో బంగారం పోయిందని భయపడి వేసవిలో ఈ రెండు గొట్టాల తుపాకీ మాత్రం హడావిడిగా కొనేశాడు. కొన్నాక అది చేసిన పనల్లా దసరా నాడు మంచు ఊడ్చే స్నో బ్లోవర్ పక్కన బొట్టు పెట్టించుకుని కూర్చోవడమే.

“ఏ రంగు తూటా వేశారంకుల్?”

“పసుప్పచ్చది.”

హర్షిత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎల్లో అంటే ట్వంటీ గేజ్. మీ గన్ ట్వెల్వ్ గేజ్. అది సన్నది కదా, జారిపోయి లోపల ఇరుక్కుంటుంది. పేలదు. దాని వెనకే ఇంకోటి వేసి నొక్కారనుకోండి, గన్ను గన్నే పేలిపోతుంది. ముందు మీ వేళ్ళు పోతాయి, తర్వాత మీ ఫేస్. ఇక్కడున్న నేను కూడా.”

రెండో తూటా అప్పటికే లక్ష్మీపతి వేళ్ళ మధ్య ఉంది.

“రెడ్‌వి వేయాలంకుల్. రెడ్ ట్వెల్వ్.”

“ఎర్రవి లేవయ్యా. అన్నీ పసుపే!” లక్ష్మీపతి డబ్బా చాపి చూపించాడు.

“తుపాకీకి బొట్టు పెట్టి తూటాల్ని వదిలేస్తే ఏం బావుంటుందని, అన్నిటికీ పసుపు రాశాను,” అంది అతని భార్య ఉమ వంటింటి గుమ్మంలోంచి. ఆమె చెవి దగ్గర ఫోనుంది. ఎవరికో ఇంటి అడ్రస్ విడమర్చి చెబుతోంది. “పక్కింటి ఫణి టెక్సస్‌కి మూవ్ అవుతూ సగం బస్తా బియ్యం, కుక్కరు, ఒక డబ్బా తూటాలు ఇచ్చి వెళ్ళాడు కదండీ! వాటినీ మనవాటినీ ఒకే పళ్ళెంలో పెట్టాను, దేవుడి దగ్గర వేరువేరుగా ఎందుకని.”

హర్షిత్ కళ్ళు మూసుకుని తెరిచాడు. “ఓకే. అడుగున ఇత్తడి మీద నంబర్ ఉంటుందంకుల్.”

“అక్కడ కుంకుమ ఉంది.”

“తుడవండి.”

వ్రతం భోజనాల నుంచి అనుకున్నదానికంటే ముందే ఇంటికి వచ్చేసిన లక్ష్మీపతి ఇంకా పట్టుపంచెలోనే ఉన్నాడు. పంచె చెంగుతో గబగబా తుడిచాడు. “పన్నెండు! ఇది ఎర్రదే!”

“గుడ్. అది పక్కన పెట్టండి. ఇప్పుడు గన్ తెరిచి, గొట్టం కొన పైకెత్తండి. ట్రిగ్గర్ మీంచి వేలు తీయండి. మెల్లగా తట్టండి.”

“నువ్వొచ్చి ఓ చెయ్యి వేయకూడదూ?”

“నో అంకుల్. మీరే చేయాలి.”

మంచి గురువు పని తను చేసి పెట్టడు, చేయిస్తాడని లక్ష్మీపతి నమ్మకం. పైగా ఈ ముప్పై ఏళ్ళ మనిషి ఇంట్లో అడుగు పెట్టేముందు బూట్లు గరాజ్‌లో విప్పి వచ్చాడు. ఈ దేశంలో పుట్టినవాళ్ళలో అంత మర్యాద ఎక్కడ చూస్తాం? రెండు సార్లు తట్టేసరికి ఇరుక్కున్న తూటా వెనక్కి జారి కార్పెట్ మీద పడింది. లక్ష్మీపతికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇవన్నీ నీకెలా తెలుసయ్యా?”

“కాలేజీలో షూటింగ్ టీమ్‌లో ఉండేవాణ్ణి. తర్వాత డ్రాపవుట్ అయ్యానంకుల్.”

“అయ్యో! ఇంత తెలివి పెట్టుకుని డ్రాపవుట్ ఏమిటయ్యా? మీ అమ్మ ఎంత బాధపడి ఉంటుందో!”

హర్షిత్ తల దించుకున్నాడు. “గన్ గురించి తెలీకుండా ఇంట్లో పెట్టుకోకండంకుల్. దొంగ కన్నా అదే డేంజర్.”

“గొట్టాల్లో ఇప్పుడు అవతలి వెలుతురు కనిపిస్తోంది. ఈ పన్నెండు నంబరుది వేసి మూస్తే చాలా?”

హర్షిత్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. “చాలు.”

లక్ష్మీపతి తూటా వేసి టక్కున మూశాడు. “ఇప్పుడు పేలుతుందా?”

“హండ్రెడ్ పర్సెంట్,” అన్నాడు హర్షిత్ నీరసంగా.

“నా ప్రాణం నిలబెట్టావు బాబూ. ఈ మేలు జన్మలో మరిచిపోను,” అన్నాడు లక్ష్మీపతి.

“కాస్త కాఫీ తాగుతావా నాన్నా?” అంది ఉమ.

“ఇప్పుడు తాగలేనాంటీ.”

బయట కార్లు ఆగిన చప్పుడైంది. ఉమ తలుపు తీయడానికి వెళ్ళింది.

పోలీసులు లోపలికి వచ్చేదాకా దొంగ పైకెత్తిన చేతులు దించలేదు.