పది లక్షల మంది చూసిన సూది

“నిజం చెప్పమ్మా, ఈ సూది ఇంతకుముందు ఎంతమందికి గుచ్చావు?”

ఆ ఒక్క మాట అడిగేసరికే రోగికి ఆయాసం వచ్చేసింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టింది, దాన్ని సూదితో లాగాలి. చొక్కా విప్పించి మంచం అంచున కూర్చోబెట్టారు. ముందు బల్ల, బల్ల మీద దిండు, దిండు మీద ఆయన చేతులు, వాటిని పట్టుకుని భార్య. వెనక చిన్న డాక్టరమ్మ. ఆమె చేతిలో సూది. మెడ తిప్పి చూశాడేమో, అది ఆయన కంటికి గునపమంత కనబడింది.

“చూడటం చాలాసార్లు చూశానండీ,” అంది డాక్టరమ్మ.

“గుచ్చడం?”

“ఇవాళే శ్రీకారం.”

ఆయన గుండె గొంతులోకి ఎగబాకింది. అక్కడ ఇరుకనిపించిందో ఏమో, దిగొచ్చి కడుపులో కూర్చుంది.

“ఏమే, నా చొక్కా ఇలా పడెయ్. ఇంటికి పోదాం.”

“నడవగలిగితే ఇక్కడికెందుకొస్తామండీ? పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉన్నారు. నోరు మూసుకుని గుచ్చించుకోండి,” అని గదమాయించింది భార్య, ఆయన చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటూ.

“ఎక్కడ చూశావు తల్లీ? పెద్ద డాక్టరు గారి పక్కన నిలబడేనా?”

“ఫోన్లోనండీ. వీడియో.”

“వీడియోనా!” ఆ కేకకి పక్క మంచం మీద మత్తులో ఉన్నాయన కూడా ఒక కన్ను తెరిచాడు. “నా వీపేమన్నా మీ ఇంటి వంటగదా, వీడియో చూసి పోపు పెట్టేయడానికి?”

“అలాంటిలాంటి వీడియో కాదండీ, పది లక్షల మంది చూశారు. మా క్లాసంతా దాంతోనే నేర్చుకుంది.”

“ముందు పెద్దాయన్ని పిలువు!”

పెద్ద డాక్టరు వచ్చాడు గానీ లోపలికి రాలేదు. తలుపు సందులోంచి తల మాత్రం పెట్టాడు.

“ఏ వీడియో? పది లక్షల మంది చూసిందేనా? మొదట్లో కాస్త నేనూ చూశాను, భేషుగ్గా ఉంది. అంతమంది చూశాక ఇంక తప్పెందుకుంటుంది? కానివ్వమ్మా.” తల మాయమైంది.

“ఒకవేళ తప్పు జరిగితే?” అడిగాడు రోగి.

డాక్టరమ్మ దాచలేదు. “పక్కటెముకకి పైనో అంచు, కిందో అంచు ఉంటాయి కదండీ. ఒక అంచునానుకుని సూది దించితే ఏ భయమూ లేదు. రెండో అంచు వెంట రక్తనాళం పోతుంది. అది తెగిందంటే...”

“తెగిందంటే?”

“తెగదులెండి. ఏ అంచో వీడియోలో విడమరిచి చెప్పారు.”

“అయితే పెట్టు. నేనూ వింటాను. వీపు నాది, రక్తం నాది.”

డాక్టరమ్మ చేతులకి తొడుగులున్నాయి. భార్యే ఆమె ఫోను అందుకుని, వీడియో పెట్టి బల్ల మీద ఆనించింది. తెర మీద ఎవరిదో వీపు, దాని మీద తొడుగులేసుకున్న రెండు చేతులు. ఎవరో డాక్టరు నిదానంగా వివరిస్తున్నాడు. రోగి కనుబొమలు ముడిపడ్డాయి. తెర మీదికి ఇంకాస్త వంగాడు.

వెనక డాక్టరమ్మ చల్లటి మందు రాసింది. ఆమె వేలు పక్కటెముకల్ని తడుముతూ దిగి ఒకచోట ఆగింది.

“కదలకండి.”

ఫోను పలికింది: “సూదిని ఎముక కింది అంచునానుకుని దించాలి.”

సూది మొన చర్మానికి తగిలింది.

“ఆపమ్మా! ఆపు!” బల్ల, దిండు, ఫోను అన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి.

“భయపడకండీ! కింది అంచనే చెప్పారు, మీరూ విన్నారుగా!”

“వినడమేమిటి తల్లీ, అన్నదే నేను! ఆ వీడియో ఎడిటింగ్ నాదే. అక్కడ డాక్టరు మాట రికార్డు కాలేదు. పై అంచో, కింది అంచో తెలీక, బొమ్మాబొరుసూ వేసి, ఆయన గొంతుని అనుకరించి నేనే చెప్పేశాను!”