రెండో గది

"కుట్టు షాపులో కుట్ర జరిగిందయ్యా!" అంటూ అక్క గుండెలు బాదుకుంది.

కంప్యూటర్ మెకానిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా తోడికోడళ్ళిద్దరూ. పెద్దామెను అందరూ అక్క అంటారు, చిన్నామెను చెల్లి. పన్నెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే ఎంబ్రాయిడరీ షాపు, ఒకే లినక్స్ కంప్యూటర్. అందులో ఒక డిస్కు, రెండు పార్టిషన్లు. తెర మీద పక్కపక్కన డబ్బాల్లా కనిపించే వాటిని వాళ్ళు గదులంటారు. మొదటిదానికి 'అక్క', రెండోదానికి 'చెల్లి' అని లేబుళ్ళు పెట్టింది చెల్లే.

అక్క వాటిని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఆమెది లెక్కల బుర్ర. దారపు కండె కావాలన్నా రంగు చెప్పదు. "ఎడమనుంచి నాలుగోది అందుకో" అంటుంది.

రేపు చెల్లి విడిగా షాపు తెరుస్తోంది.

"పొద్దున నా గది తెరిస్తే అన్నీ దీని డిజైన్లే! నావి ఒక్క పువ్వు లేదు, ఒక్క నెమలి లేదు. పోయేది పోక, నన్ను ఊడ్చిపెట్టి పోతోంది!"

"అక్కా, నేను చెప్పేది..."

"నోర్ముయ్! నీకు అల్లిక నేర్పింది నేను. ఈ జిత్తులమారి అల్లిక ఎవరు నేర్పారే?"

మెకానిక్ తెర చూసి తల గోక్కున్నాడు.

"మొదటి గది నిండుగానే ఉందమ్మా. లేబుల్ 'చెల్లి' అని ఉంది. రెండోది బోసిగా ఉంది. నిన్న మధ్యాహ్నం ఎవరో ఫార్మాట్ కొట్టారు. సరుకుతోపాటు లేబులూ పోయింది. ఇక తిరిగి రాదు."

చెల్లి ముఖం పాలిపోయింది.

"రెండోదా? అయ్యో! అక్కా, నీ గది ఇరుకైపోయిందని నెల రోజులుగా గోల పెడుతున్నావుగా. రెండోది పెద్దది. నిన్న పొద్దున నీవన్నీ అందులోకి మార్చేశాను. నావి మొదటిదాంట్లో సర్దుకున్నాను. లేబుళ్ళు కూడా మార్చి పెట్టాను. వెళ్ళేటప్పుడు చెప్పి నిన్ను మురిపిద్దామనుకున్నా..."

అక్క తెర దగ్గరికి వంగింది.

"నీ పన్నెండేళ్ళ కష్టం ఎవరు తుడిచేశారక్కా?" అని చెల్లి వెక్కుతూ ఆమె చెయ్యి పట్టుకుంది.

నిన్న మధ్యాహ్నం చెల్లి భోజనానికి లేవగానే, కొత్త షాపు ఎలా నడుస్తుందో చూద్దామనుకుంటూ, ఎడమనుంచి లెక్కపెట్టి మరీ రెండో గదిని తుడిచేసింది అక్కే.